లిఫ్టు మోసే బరువుకు మీకెందుకు భయం?

నమస్కారం. లిఫ్టు ఎక్కి దూకుడుగా దిగే మనిషి తేలికపాటి ఆల్-మౌంటెన్ స్కీ, అంటే కొండ మీద అన్ని రకాల మంచుకూ వాడే స్కీ, కొనడమంటే డబ్బు మంచులో పారబోసుకోవడమేనని గత వీడియోలో నేను అన్న మాటకు మీలో చాలామందికి కోపం వచ్చింది. కాలం మారిందనీ, స్కీల తయారీలోకి తేలికైన, బిగువైన కార్బన్ నార వచ్చాక బరువుతో పని లేదనీ కొందరు రాశారు; మా మోకాళ్లను కూడా కాస్త చూడమని ఇంకొందరు రాశారు. ఆ మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు సరికదా, ఈ రోజు ఇంకా గట్టిగా చెప్పబోతున్నాను. మీరు ఈ విద్యలో బాగా ఆరితేరి, వేగం ఇష్టపడేవారైతే, స్కీలో వెడల్పు కన్నా, రాకర్ (మొనా తోకా నేల నుంచి పైకి లేచే వంపు) కన్నా ముందు చూడవలసింది బరువు. 177 సెంటీమీటర్ల పొడవులో ఒక్కో స్కీ రెండు కిలోలకు తగ్గిందంటే, దాన్ని మీ కోసం తయారు చేయలేదని నా లెక్క.

స్కీ తేలికగా ఉండాలని నిజంగా కోరుకోవలసినవాడు ఒక్కడే ఉన్నాడు. స్కీల అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు, అంటే స్కిన్లు, అతికించుకుని, తన కాళ్లతో తానే కొండ ఎక్కి, ఆ తర్వాత దిగేవాడు. వాడికి ప్రతి వంద గ్రాములూ ప్రాణం మీదికి వస్తాయి కాబట్టి వాడి బాధలో న్యాయం ఉంది. కానీ సియాటిల్ నుంచి వారాంతంలో క్రిస్టల్ మౌంటెన్‌కో, బే ఏరియా నుంచి తాహోకో వెళ్లే మన తెలుగువాళ్లలో ఎక్కువమందిని పైకి మోసుకెళ్లేది లిఫ్టు. ఆ బరువును మోటారు మోస్తుంటే మీకెందుకు ఆయాసం?

ఈ తేలిక మోజు ఎక్కడ పుట్టిందో నాకొక సిద్ధాంతం ఉంది, ఎవరేమనుకున్నా సరే, చెబుతాను. అది కొండ మీద పుట్టలేదు, దుకాణంలో పుట్టింది. ఒక దుకాణంలో అమ్మే కుర్రాడు నా బరువెంతో, నేను ఏ వేగంతో దిగుతానో, ఎలాంటి మంచు మీద దిగుతానో ఒక్క ప్రశ్నా అడగకుండా, గోడ మీది స్కీ తీసి నా చేతిలో పెట్టి, ఎంత తేలికగా ఉందో చూడండి అన్నాడు. కొనేవాడు ఎత్తి చూస్తాడు, తేలికగా ఉందని మురిసిపోతాడు, తేలికైనదంతా ఆధునికమైనదని అనుకుంటాడు. కాలికి తొడిగే వస్తువును ఇలా చేతికి నచ్చజెప్పి అమ్ముతున్నారు. ఆ దుకాణంలో స్కీ మొనను ఒక చేత్తో, నడుమును, అంటే పాదం ఉండే మధ్య భాగాన్ని, ఇంకో చేత్తో పట్టుకుని తువ్వాలు పిండినట్టు మెలితిప్పి చూసే కొనుగోలుదారు ఎంతమందికి ఒకడు ఉంటాడు? మెలితిప్పితే లొంగిపోయే స్కీ గట్టి మంచు మీద ఎడ్జ్‌ను (స్కీ అడుగు అంచున ఉండే ఉక్కు పట్టీని) పట్టి ఉంచలేదని తెలుసుకోవడానికి అంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చోటికి వెళ్దాం. మధ్యాహ్నం రెండు గంటలు, తాహోలో సియెర్రా సిమెంట్ అని తిట్టుకునే తడి మంచు, పొద్దుటి నుంచి వందల మంది దిగి దిగి దున్నేసిన వాలు. మెత్తటి కుప్పల మధ్య గీరుకుపోయిన గట్టి పలకలు. వేగం మీద మీరు ఒక కుప్పలోకి దూరినప్పుడు కిందికి చూడండి. తేలిక స్కీ అయితే దాని మొన కొట్టుకుంటూ ఉంటుంది, కుప్ప తగలగానే పక్కకు తప్పుకుంటుంది, మీరు టర్న్ మొదలుపెట్టిన గీత వేరు, ముగిసిన గీత వేరు అవుతుంది. గతుకుల రోడ్డు మీద కూడా ఇంతే, ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతుంది, లోడు లారీ అణిగి వెళ్తుంది. వేగంగా పోయే వస్తువుకు బరువు ఎక్కువైన కొద్దీ దాన్ని దారి తప్పించడానికి ఎక్కువ బలం కావాలి. కార్బన్ ఎంత బిగువైనదైనా ఈ లెక్కను మార్చలేదు, ఎందుకంటే బిగువు వేరు, అదురును మింగే గుణం వేరు. బిగువుగా ఉండి బరువు లేని స్కీ ప్రతి గతుకునూ నేరుగా మీ పాదానికి చేరవేస్తుంది.

అదురును మింగే పని చేసేది స్కీ లోపలి చెక్క కోర్‌కు అతికించే టైటనాల్ రేకులూ వాటి మధ్య రబ్బరు పొరలూ. టైటనాల్ అంటే ఆస్ట్రియాలోని ఆమాగ్ సంస్థ తయారు చేసే అల్యూమినియం మిశ్రలోహం. స్కీ మెలితిరగకుండా ఉండేది చాలావరకు దాని వల్లే. జర్మనీ ఫోల్కెల్ వారి మాంత్రా, ఆస్ట్రియా బ్లిజర్డ్ వారి బోనఫైడ్, ఇటలీ నోర్డికా వారి ఎన్‌ఫోర్సర్ ఇన్నేళ్లుగా దూకుడు మనుషుల కాళ్లకు అంటిపెట్టుకుని ఉన్నాయంటే, ఆ రేకులే ప్రధాన కారణమని నా నమ్మకం. వీటిలో మాంత్రా కథ చూడండి. ఒకప్పుడు దాన్ని వంద మిల్లీమీటర్ల నడుము వెడల్పుతో పూర్తి రాకర్ చేశారు, మొన నుంచి తోక దాకా వంపు పైకే. పాత అభిమానులు గోల పెట్టారు. 2018-19 సీజన్‌కు వచ్చిన ఎం5 మాంత్రాలో నడుమును 96కు తగ్గించి, పాదం కింద క్యాంబర్‌ను, అంటే మధ్యలో పైకి లేచి ఉండే విల్లు వంపును, తిరిగి తెచ్చారు. ఫ్యాషన్ ఒక వైపు పోతుంటే గట్టి మంచు కంపెనీని ఇటు వైపు లాక్కొచ్చిందని నేను అంటాను.

వెడల్పు గురించి మీరంతా గంటల తరబడి కొట్టుకుంటారు కాబట్టి దాన్ని త్వరగా తేల్చేస్తాను. నడుము వెడల్పు 96 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఏదైనా తీసుకోండి. అంతకన్నా వెడల్పైతే ఎడ్జ్ మీ పాదం మధ్య నుంచి దూరమవుతుంది, ఆ దూరాన్ని గట్టి మంచు మీద ప్రతి టర్న్‌లోనూ మీ చీలమండా మోకాలూ భరించాలి. మోకాళ్ల గురించి రాసిన మిత్రులారా, మీ మోకాలిని కాపాడేది తేలిక స్కీ అనుకుంటున్నారు కానీ, 110 నడుమున్న తేలిక స్కీతో ఐసు మీద దిగి చూస్తే మీకే తెలుస్తుంది. పొడవు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మొనా తోకా రాకర్ ఉన్న స్కీలో గట్టి మంచును నిజంగా తాకే ఎడ్జ్ చిన్నది కాబట్టి, నుదుటి ఎత్తుకు ఆగకుండా మీ తల దాకా, వీలైతే ఇంకాస్త పైదాకా వెళ్లండి.

చెట్ల మధ్య ఇరుకులో బరువు స్కీ విసిగిస్తుందన్నది నిజమే. అయితే రోజంతటిలో మీరు చెట్ల మధ్య గడిపేది ఎంతసేపు? రెండు టర్న్‌లకే తొడలు మండుతున్నాయంటూ స్కీని తిట్టేవారిలో చాలామంది వెనక్కి వాలి దిగుతున్నవారే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం.

కొనే ముందు డెమో స్కీ అద్దెకు తీసుకుని దిగి చూడండి, చాలా దుకాణాలు ఆ అద్దెను తర్వాత ధరలో తగ్గిస్తాయి. ఎడ్జ్‌కు గోరు ఆనించి గీయండి, గోరు పొట్టు రాలకపోతే పదును పెట్టించాకే దిగండి, లేకపోతే మొద్దుబారిన ఎడ్జ్ చేసిన తప్పును స్కీ మీద వేస్తారు. నాతో వాదించాలనుకునేవారు స్కీ పేరుతో పాటు పొడవు, ఒక్కో స్కీ బరువు, మీరు దిగిన వేళ కూడా కామెంట్‌లో రాయండి. పొద్దున తొమ్మిదింటికి అప్పుడే చదును చేసిన వాలు మీద అద్భుతంగా ఉందని రాస్తే మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, ఆ వేళ ఏ స్కీ అయినా అద్భుతంగానే ఉంటుంది.