విడిది గదిలో మరిచిపోయిన వస్తువు ఎన్నాళ్లు ఉంచాలి?

అధ్యక్షుల వారికి, సెక్రటరీ గారికి, కల్యాణ మండపాలు, ఫంక్షన్ హాళ్లు నడుపుతున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి ఉన్న సూపర్‌వైజర్లకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు నమస్కారం. వాళ్లకు కూడా కుర్చీలు వేయించండి. ఈ రోజు నేను చెప్పేది ముఖ్యంగా వాళ్లకే.

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో మా హాళ్లకు సంబంధించింది ఏముందో చెప్పండి అని పిలిచారు. ఒక్క సెక్షన్ గురించి చెప్తాను. 314. మిగతావి ప్రశ్నలప్పుడు చూద్దాం.

ఇతరుల వస్తువును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే పడే సెక్షన్ అది. పాత చట్టంలో 403. అప్పట్లో జరిమానాతో సరిపెట్టే వీలుండేది. ఇప్పుడు కనీసం ఆరు నెలల జైలు, గరిష్ఠం రెండేళ్లు, పైన జరిమానా. వస్తువు దొరికితే భద్రం చేయడానికో, యజమానికి ఇవ్వడానికో తీసుకోవడం నేరం కాదని అందులోనే రాశారు. యజమాని ఎవరో తెలిసే దారి ఉండి కూడా సొంతం చేసుకుంటే నేరం. తెలియనప్పుడు కూడా వెతకడానికి తగిన ప్రయత్నం చేసి, తగినంత కాలం ఉంచి చూడాలి. ఎంత తగినంత? చట్టం రోజులు చెప్పలేదు. సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 71, ఇంకో మాట చెప్తుంది. దొరికిన వస్తువును మీ దగ్గర పెట్టుకున్న క్షణం నుంచి, మీకు అప్పజెప్పిన సామానును ఎంత జాగ్రత్తగా చూడాలో అంత జాగ్రత్తగా చూడాలి. మనందరి హాళ్లలో ఒక బోర్డు ఉంటుంది, ‘మీ సామానుకు మీరే బాధ్యులు’ అని. సామాను వాళ్ల చేతిలో ఉన్నంతసేపు సరే. మీ మనిషి తీసి స్టోర్ రూమ్‌లో పెట్టాక ఆ బోర్డు మిమ్మల్ని కాపాడదన్నది నా వాదన.

చట్టం ఇంతే. ఇక నేను ఇక్కడికి వచ్చిన అసలు కారణం చెప్తాను.

మా పెద్దమ్మకు ఒక పాటల పుస్తకం ఉండేది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టుకుంది. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, బంతులాట, తలుపు దగ్గర పాట, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, అప్పగింతలు. వాళ్లమ్మ దగ్గర, మేనత్తల దగ్గర విని రాసుకున్నవి. కొన్నిటి పక్కన ఏ పాట వరసలో పాడాలో రాసింది. కొన్నిచోట్ల పెళ్లికొడుకు పేరు పెట్టడానికి ఖాళీ వదిలింది. మా ఇంట్లో ఏ పెళ్లయినా ఆ పుస్తకం ముందు బయల్దేరేది, పెద్దమ్మ తర్వాత.

మా చెల్లెలి కూతురి పెళ్లిలో ఆ పుస్తకం విడిది గదిలో ఉండిపోయింది. ఒక గుడ్డ సంచిలో పెట్టాం. అందులో ఇంకా ఒక ఫోన్ ఛార్జరు, అరసీసా కొబ్బరినూనె ఉన్నాయి. రాత్రి పెళ్లి, పొద్దున్నే హాలు ఖాళీ చేయాలి, మధ్యాహ్నం ఇంకో పెళ్లివాళ్లు దిగుతారు. ఆ హడావుడి మీకంటే ఎవరికి తెలుసు? మనుగుడుపులు, సత్యనారాయణ వ్రతం అన్నీ అయ్యాక పుస్తకం గుర్తొచ్చింది. ఫోన్ చేశాం, వెళ్లాం. హాలు పేరు చెప్పను, అడగొద్దు. మేనేజరు మర్యాదగానే మాట్లాడారు. డ్రాయరు తీసి ఛార్జరు ఇచ్చారు. పుస్తకం ఏదండీ అంటే, చిత్తు కాగితాలతో పాటు తూకానికి వేసేశాం అన్నారు.

ఛార్జరు ఉంచారు. పుస్తకం తూకానికి వేశారు.

అలా తూకానికి వేసిన అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఏది ఉంచాలో, ఏది పారేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఛార్జరుకు ధర ఉంది కాబట్టి ఉంచాడు. ఆ ఛార్జరు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. పెద్దమ్మకు ఆ తర్వాత సగం పాటలే నోటికి వచ్చేవి. తలుపు దగ్గర పాటలో రెండో చరణం దగ్గర ఆగి, పుస్తకం ఉంటే బావుండేదే అమ్మాయ్ అనేది. ఆవిడ కూడా పోయింది. ఇప్పుడు మా ఇళ్లల్లో పెళ్లికి డీజే వాళ్లే పాటలు పెడుతున్నారు.

అందుకని నేను అడిగేది ఒకటే. ధర చూసి గడువు పెట్టకండి. మళ్లీ కొనుక్కోగలరా లేదా, అది చూసి పెట్టండి. తిండి పదార్థాలు ఆ రోజే తీసేయండి, ఎవరూ ఏమీ అనరు. గొడుగులు, చెప్పులు, దువ్వెనలు రెండు మూడు నెలలు చాలు. చేతిరాత ఉన్నది ఏదైనా, ఫొటోలు, జాతకాలు, సర్టిఫికెట్లు, ఆస్పత్రి ఫైళ్లు, కళ్లజోడు, చెవి మిషను, ఇవి ఏడాది ఉంచాలి. ఏడాది! స్థలం లేదంటారా? ఇవన్నీ కలిపినా ఒక బీరువా నిండదు.

మిగతావాటికి, పట్టుచీరలకు, వెండి గిన్నెలకు, ఆరు నెలలు. ఈ లెక్క ఎక్కడిదంటే, యజమాని తెలియని సొత్తు పోలీసుల ద్వారా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే, ప్రకటన ఇచ్చి ఆరు నెలలు గడువిస్తారు. కోర్టు అంత ఆగుతున్నప్పుడు మనం ఆగలేమా? ఇంకో కారణం మన పెళ్లిళ్లలోనే ఉంది. మాఘంలో పెళ్లయిన పిల్ల ఆషాఢంలో పుట్టింటికి వస్తుంది. అప్పుడు తీరిగ్గా పెట్టెలు తీసి చూసుకుంటారు, ఆ వెండి కుంకుమభరిణె ఏదే అని వెతుకుతారు. మీరేమో సరిగ్గా ఆషాఢంలో ముహూర్తాలు లేవు కదా అని స్టోర్ రూమ్ కడిగిస్తారు. ఆ రెండూ ఒకే నెలలో జరుగుతున్నాయి, గమనించారా? అమెరికా నుంచి వచ్చినవాళ్ల సంగతి సరేసరి, మళ్లీ వచ్చేదాకా వాళ్లకు తెలియదు.

జపాన్‌లో దీనికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. 2007 నుంచి గడువు మూడు నెలలు, అంతకు ముందు ఆరు నెలలు. గొడుగుల్లాంటివి రెండు వారాలకే తీసేయొచ్చు. కానీ ఫోను, గుర్తింపు కార్డు లాంటివి గడువు దాటినా దొరికినవాడి సొంతం కావు. వస్తువును బట్టి గడువు మారాలని వాళ్లు కూడా ఒప్పుకున్నట్టే కదా. మన దగ్గర బ్యాంకులో పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, ఆ తర్వాత కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు. డబ్బుకు అంత ఓపిక ఉంది మనకు.

వెనక ఉన్న అమ్మలూ, అయ్యలూ, ఇది మీకు. దొరికిన వెంటనే రిజిస్టర్‌లో రాయండి. తేదీ, గది నంబరు, ఏం దొరికింది, ఎవరికి దొరికింది. పారేసే ముందు రాయండి, ఉంచే ముందు రాయండి. హాలు బుక్ చేసినవాళ్ల ఫోన్ నంబరు ఆఫీసులో ఉంటుంది. వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెళ్లికి వచ్చిన బంధువులంతా ఉంటారు. ఒక్క ఫొటో పంపితే గంటలో మనిషి తేలతాడు. నగ అయితే మాత్రం ఫొటో పంపొద్దు. నగ దొరికింది, గుర్తులు చెప్పి తీసుకోండి అని మాత్రం పెట్టండి. మనిషి తేలకపోతే బంగారం, డబ్బు స్టోర్ రూమ్‌లో పెట్టకండి, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. మీ మీద మాట రాకుండా ఉంటుంది. యజమానులకు కూడా ఒక మాట. నగ తెచ్చి ఇచ్చిన మనిషిని అనుమానంగా చూసి ప్రశ్నలు వేయకండి. ఆ రోజు జీతంతో పాటు ఏదో ఒకటి చేతిలో పెట్టండి.

టైం అయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం.

తీర్మానం ముసాయిదా సెక్రటరీ గారికి ఇచ్చాను, ఒక పేజీయే. గడువులు, రిజిస్టరు, బుకింగ్ ఫారం వెనక ఈ గడువుల్ని తెలుగులో అచ్చు వేయడం. భోజనాలకు లేచేలోపు ఓటుకు పెట్టమని అధ్యక్షుల వారిని అడుగుతున్నాను. ఆరు నెలలు కుదరదు అనేవాళ్లు ఉంటే మైకు తీసుకుని కారణం చెప్పండి, మూడు నెలలకైనా నేను మాట్లాడతాను. చేతిరాత కాగితాల ఏడాది గడువులో మాత్రం ఒక్క రోజు కూడా తగ్గించను. చెప్పండి, ముందు ఎవరు?