ఆరు నెలల బిడ్డకు మొలకరాగి ఉగ్గు, దాంతోపాటు తల్లి కంచంలో ఏముండాలి

నమస్తే అమ్మా, అందరూ బాగున్నారా? అనంతపురంలోని మా వంటింట్లోంచే మాట్లాడుతున్నాను. ఆరు నెలలు నిండిన బిడ్డకు మొలకరాగి ఉగ్గు ఎలా చేయాలో ఈ రోజు పిండి దగ్గర్నుంచి చూపిస్తాను. రాగులు నానడానికి, మొలకెత్తడానికి, ఎండడానికి టైం పడుతుంది. ఆ ఖాళీలో కడుపుతో ఉన్నవాళ్ల తిండి, బాలింతల తిండి గురించి కూడా మాట్లాడుకుందాం.

మన సీమలో రాగి జావ తెలియని ఇల్లు ఉండదు. చిక్కంతా ఎక్కడంటే, పెద్దవాళ్లు తాగే పలచటి జావనే చాలామంది బిడ్డకూ పోస్తారు. పసిబిడ్డ పొట్ట చాలా చిన్నది. ఆ నీళ్ల జావతోనే నిండిపోతుంది. ఏడుపు ఆపి నిద్రపోతే, కడుపు నిండా తిన్నాడని మనం సంతోషపడతాం. నెల తిరిగాక తూకం వేస్తే బరువు పెరగదు. అందుకే ఈ వీడియోలో చిక్కదనం గురించి పదే పదే చెప్తాను, విసుక్కోకండి.

ఇవి అరకిలో రాగులు. ముందు రాళ్లు పోయేలా గాలించి, నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగండి. రాత్రి నానబెట్టి పొద్దున నీళ్లు వంచేయండి. తడిపిన పలచటి నూలు గుడ్డలో మూటగట్టి, పైన ఒక గిన్నె బోర్లించండి. గుడ్డ ఆరిపోకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరించాలి. మన ఎండలకు ఒక్క రోజులోనే మొలక కనిపిస్తుంది, చలికాలంలో రెండు రోజులు పట్టొచ్చు. ఇదిగో, దగ్గరగా చూడండి. గింజ కొసన తెల్లటి చుక్కలాగా బయటికి వచ్చింది కదా, ఇంత చాలు. జిగురుగా ఉన్నా, ముక్క వాసన వచ్చినా జాలిపడకండి, మొత్తం పారేయండి.

మొలక కట్టమని చెప్పడానికి కారణం ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ తయారవుతుంది. మామూలు రాగిపిండిని కొంచెం ఎక్కువ వేస్తే బంకలా బిగుసుకుపోతుంది, బిడ్డ మింగలేదు. మొలక పిండి అలా బిగుసుకోదు. అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టినా మెత్తగా జారుతుంది. పైగా ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ అనే పదార్థం కూడా కొంత తగ్గుతుంది.

మొలకలను శుభ్రమైన గుడ్డ మీద పలచగా పరిచి, గలగలమనేదాకా ఆరబెట్టాలి. ఇవి ఆరేలోపు తల్లుల సంగతి చూద్దాం.

కడుపుతో ఉన్నప్పుడు ఇద్దరి తిండి తినాలని పెద్దవాళ్లు అంటారు. అంత అక్కర్లేదు. మొదటి మూడు నెలలు వాంతులు, వికారం మధ్య తినగలిగింది కొంచెం కొంచెంగా తింటే చాలు. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 350 కేలరీలు అదనంగా కావాలి. మన లెక్కలో ఒక జొన్నరొట్టె, గరిటెడు పప్పు, గుప్పెడు వేయించిన శనక్కాయలు. అంతే. అనంతపురం జిల్లాలో పుట్టి శనక్కాయల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు కదా. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి మాత్రం ఏరి పారేయండి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు.

రక్తం గురించి ఒక మాట. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. రాగులు తింటే రక్తం పడుతుందని చాలామంది నమ్మకం. రాగుల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. అది ఎముకలకు మంచిది. రక్తానికి మాత్రం రాగుల మీదే ఆధారపడితే లాభం లేదు. తోటకూర పప్పు, మునగాకు, అలసందలు, గుడ్డు, తినేవాళ్లయితే మాంసం, ఇవన్నీ కావాలి. ఆకుకూర పప్పులో దించేముందు కాకుండా, తినేముందు కంచంలోనే నిమ్మకాయ పిండుకోండి. నిమ్మలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. టీ, కాఫీ దానికి అడ్డం పడతాయి కాబట్టి భోజనం చేశాక గంట, గంటన్నర ఆగి తాగండి.

ఎంత బాగా తిన్నా ఆశా అక్క ఇచ్చే రక్తం మాత్రలు మానొద్దు. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాన్పు అయ్యాక మళ్లీ 180 రోజులు. విరేచనం నల్లగా అయితే భయపడకండి, అది మాత్ర వల్లే. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. కాల్షియం మాత్ర, రక్తం మాత్ర కలిపి మింగకూడదు, మధ్యలో రెండు గంటలైనా తేడా ఉండాలి.

ఇక బాలింత పథ్యం. అవ్వలూ, అత్తమ్మలూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. వెల్లుల్లి కారం, మిరియాల చారు, నెయ్యి పెట్టండి, వద్దనను. పప్పు వద్దు, కూర వద్దు, నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుంది అని కట్టడి చేయకండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, అంటే కడుపుతో ఉన్నప్పటికంటే ఎక్కువ. ఆకలి దంచేస్తుంటుంది. ఆ టైములో రెండు ముద్దల కారం అన్నంతో సరిపెడితే ఆ పిల్ల నీరసించిపోతుంది. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి. బిడ్డకు మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించండి. తర్వాత ఆరు నెలలు తల్లిపాలు తప్ప తేనె, వస, ఆముదం, చక్కెర నీళ్లు ఏవీ వద్దు, మంచినీళ్లు కూడా వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకండి, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

రాగులు ఎండాయి. అడుగు మందంగా ఉన్న బాండీలో సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించండి. మాడితే మొలకలోని మేలు పోతుంది. మిక్సీలో మెత్తగా పట్టి, మొదటి రెండు నెలలకు గుడ్డలో జల్లించండి. పెసరపప్పును విడిగా దోరగా వేయించి పిండి చేసి, వేరే డబ్బాలో పెట్టండి. మొదటి మూడు రోజులు ఉత్త రాగి ఉగ్గే. పడిందని తెలిశాక మూడు పాళ్ల రాగిపిండికి ఒక పాలు పెసరపిండి కలపండి. రాగిలో తక్కువైన మాంసకృత్తులను పప్పు పూరిస్తుంది. కొంచెం కొంచెంగానే పట్టుకోండి, నెలకు మించి దాచకండి.

ఇప్పుడు వండుదాం. రెండు పెద్ద చెంచాల పిండి, అంటే సుమారు 20 గ్రాములు. చిన్న గ్లాసు చల్లటి నీళ్లలో ముందే ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి. సన్న మంట మీద కలుపుతూనే ఉండాలి, ఫోన్ పక్కన పెట్టేయండి. ఏడెనిమిది నిమిషాలకు రంగు ముదురుతుంది, పైన మెరుపు వస్తుంది, పచ్చి వాసన పోతుంది. దించి అర చిన్న చెంచా నెయ్యి వేయండి. ఉప్పు వద్దు, చక్కెర, బెల్లం వద్దు.

ఇటు చూడండి. చెంచా నిండా తీసి పక్కకు వంచుతున్నాను. నీళ్లలా కారిపోలేదు, ముద్దలా అంటుకుపోలేదు, నిదానంగా జారి పడింది. ఇదే పాకం. ఈ గిన్నెలో సుమారు 90 కేలరీలున్నాయి. తల్లిపాలు కాక ఈ వయసు బిడ్డకు బయటి తిండి నుంచి రోజుకు 200 కేలరీలు కావాలి. ఇదే గిన్నెలో ఒక చిన్న చెంచా పిండి వేసి నీళ్ల జావ కాచామనుకోండి, నెయ్యి లేకుండా 20 కేలరీలు కూడా రావు. బిడ్డ పొట్ట మాత్రం అంతే నిండుతుంది.

మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు చాలు. ఎనిమిదో నెలకు నెమ్మదిగా 250 మిల్లీలీటర్ల కప్పులో సగందాకా, రోజుకు రెండు మూడు సార్లు పెంచండి. సీసాలో పోయకండి, గిన్నె, చెంచాతోనే పెట్టండి. నోరు తిప్పేసుకుంటే ముక్కు మూసి పోసే పని అసలే వద్దు. మిగిలింది దాచి వేడి చేయకండి. తల్లిపాలు రెండేళ్లదాకా, ఆపైనా ఇవ్వొచ్చు.

ఉగ్గు అలవాటయ్యాక మెత్తగా చిదిమిన గుడ్డు, అరటిపండు, బాగా పండిన బొప్పాయి ఒక్కొక్కటే చేర్చండి. శనక్కాయలు కూడా ఈ వయసులోనే మొదలుపెట్టొచ్చు. వేయించి, పొట్టు తీసి, నున్నగా నూరిన ముద్దను పావు చెంచా ఉగ్గులో కరిగించండి. గింజలుగా మాత్రం అయిదేళ్లదాకా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టే సమస్య ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టర్‌ను అడగండి.

తొమ్మిదో నెలకు ఇంట్లో వండే సంగటే పెట్టొచ్చు. మనం మింగినట్టు ముద్ద మింగలేదు కాబట్టి పప్పులో బాగా పిసికి వదులు చేయండి. పప్పులో ఉప్పు, కారం వేయకముందే బిడ్డకు రెండు గరిటెలు తీసి పక్కన పెట్టండి. ఏడాది దాటాక కారం లేని ఉగ్గాని చాలా బాగుంటుంది. నానిన బొరుగులు మెత్తగా ఉంటాయి, పైన పుట్నాల పొడి ఒక చెంచా చల్లండి. ఈ వయసులో కొందరు పిల్లలు తిండి మానేసి ఆవు పాలకో, గేదె పాలకో అలవాటు పడతారు. రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, రక్తమూ తగ్గుతుంది. పాలు తగ్గించి, ముందు కంచం పెట్టి, తర్వాత గ్లాసు ఇవ్వండి. నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డులో రాయించండి. బరువు రెండు నెలలు అక్కడే ఆగిందంటే ఉగ్గు మార్చి చూద్దాంలే అని ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.