అసలు స్టాంపు మీద దొంగ అక్షరాలు

శ్రోతలకు నమస్కారం.

పాత స్టాంపుల ఆల్బమ్ తిరగేస్తే "మగ్యార్ పోస్టా" అని రాసి ఉన్నవి చాలాసార్లు కనిపిస్తాయి. అవి హంగరీ దేశానివి. ఎక్కువ భాగం చవకవే. అయితే వాటి మధ్య అరుదైనవీ ఉంటాయి, అరుదైన వేషం వేసుకున్నవీ ఉంటాయి.

1867లో ఆస్ట్రియా, హంగరీ రెండూ ఒకే స్టాంపులు వాడాయి. వాటి మీద దేశం పేరు లేదు. హంగరీ ఊరి పోస్టాఫీసు ముద్ర పడితేనే అది హంగరీలో వాడినదని తెలిసేది. 1871లో హంగరీ తన సొంత స్టాంపులు తెచ్చింది. వాటి మీద ఫ్రాన్జ్ జోసెఫ్ చక్రవర్తి బొమ్మ ఉంటుంది. ముందు రాతి అచ్చుతో వేశారు, అదే ఏడాది చెక్కిన పలకలతో మళ్లీ వేశారు. బొమ్మ ఒకటే, ధరల్లో మాత్రం చాలా తేడా. రాతి అచ్చులో గీతలు చదునుగా, కాస్త మసకగా ఉంటాయి. చెక్కిన పలకతో వేసినవాటిలో గీతలు పదునుగా ఉంటాయి, స్టాంపును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సిరా కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది.

1874లో ఉత్తరం కవరు బొమ్మతో మరో వరుస వచ్చింది. 1881 నుంచి దాని కాగితంలో వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే దాగి ఉండే గుర్తు, పెట్టారు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వెనక్కి తిప్పి చూడాల్సిందే.

ఇక అసలు గొడవంతా 1918, 1919లది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన ఆస్ట్రియా-హంగరీ ముక్కలైంది. హంగరీలో ముందు రిపబ్లిక్ వచ్చింది, 1919 మార్చిలో కమ్యూనిస్టు నేత బేలా కున్ సోవియట్ సర్కారు వచ్చింది, ఆగస్టు మొదటికల్లా అదీ కూలిపోయింది. ఈలోగా దెబ్రెత్సెన్‌లో రొమేనియా సైన్యం, బరన్యాలో సెర్బియా సైన్యం, అరద్‌లో ఫ్రెంచివాళ్లు ఉన్నారు. సెగెద్‌లో కున్‌కు పోటీగా ఇంకో ప్రభుత్వం వెలిసింది. కొత్త స్టాంపులు గీయించేంత తీరిక ఎవరికీ లేదు. పంట కోసే రైతులు, పార్లమెంటు భవనం బొమ్మలున్న పాత స్టాంపులే తీసుకుని, వాటి మీద తమ పేరు కొట్టించారు. దీన్నే ఓవర్‌ప్రింట్ అంటారు.

దొంగలకు ఇంతకన్నా ఏం కావాలి? పంట కోత స్టాంపులు కుప్పలుగా, కారుచవకగా దొరుకుతాయి. కాగితం అసలుదే, వాటర్‌మార్క్ అసలుదే, చుట్టూ చిల్లులూ అసలువే. దొంగది పైన కొట్టిన ఆ నాలుగు అక్షరాలే. అందుకే ఇక్కడ కాగితాన్ని ఎంత పరీక్షించినా లాభం లేదు.

మరి ఏం చూడాలి? మొదట తేదీ. ఓవర్‌ప్రింట్ 1919ది, పోస్టాఫీసు ముద్రలో 1917 అని ఉందనుకోండి, ఇక భూతద్దంతో పనేముంది! తేదీ చదవడానికి రాకపోతే ఏ సిరా పైన ఉందో చూడాలి. ఓవర్‌ప్రింట్ ముందు పడాలి, పోస్టాఫీసు ముద్ర తర్వాత. అక్షరాలు ముద్ర మీదకి ఎక్కి ఉంటే అనుమానించాల్సిందే. ఆపైన అక్షరాల ఆకారం, వాటి మధ్య ఎడం. వీటిని నమ్మకమైన అసలు నమూనాతో పోల్చాలి. ఇంటర్నెట్‌లో అమ్మేవాడు పెట్టిన ఫొటోతో పోల్చి లాభం లేదు, అది కూడా దొంగదే కావచ్చు.

అచ్చు తప్పుల్లోనూ మోసాలుంటాయి. 1920ల మొదట్లో వచ్చిన 5000 కొరోనా (అప్పటి హంగరీ డబ్బు) స్టాంపులో మేరీ మాత బొమ్మ తలకిందులుగా పడిన ముక్కలు ప్రసిద్ధి. రెండు రంగులను విడివిడిగా అచ్చేయడం వల్ల వచ్చిన తప్పది. అలాంటిది ఆల్బమ్ మూలలో దొరుకుతుందని ఆశపడొద్దని నా మాట. 1900లో మొదలైన తురుల్ పక్షి (హంగరీ పురాణాల్లోని పక్షి) స్టాంపుల్లో విలువ అంకెను నల్లగా విడిగా అచ్చేశారు. అంకె లేని ముక్క దొరికితే సంబరపడే ముందు, ఎవరైనా మందు పెట్టి చెరిపారేమో చూసుకోవాలి.

చిల్లులు లేనివి అంటారా? 20వ శతాబ్దంలో చాలా స్టాంపులను హంగరీ తపాలా శాఖే చిల్లులు లేకుండా కూడా కొద్ది సంఖ్యలో అమ్మింది. అవి పొరపాట్లు కావు. మామూలు స్టాంపు చుట్టూ కత్తిరించి అమ్మేవాళ్లూ ఉన్నారు. మామూలు స్టాంపును చిల్లుల పళ్లతో సహా దాని మీద పెట్టి చూడండి. చిల్లుల్లేనిది చిన్నగా ఉంటే అది కత్తెర పనే.

ఖరీదైన ముక్క కొనేటప్పుడు నిపుణుడి సర్టిఫికెట్ అడగండి. అందులోని ఫొటోనూ చేతిలోని స్టాంపునూ పన్ను పన్నూ కలిపి చూడండి. సర్టిఫికెట్ అసలుదై, స్టాంపు మారిపోయే అవకాశమూ ఉంది.