ఐదు శాతం కాని ఐదు శాతం

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబ్‌లో ప్రోగ్రాం రాసేటప్పుడు అందరూ ‘పర్సెంట్ పాయింట్ టూ ఎఫ్’ అని రాసేస్తారు, అంటే జవాబును రెండు దశాంశ స్థానాలకే చూపించమని. ఎందుకని అడిగితే ‘అవుట్‌పుట్ నీట్‌గా ఉంటుందన్నా’ అంటారు. నా గొడవంతా ఆ జవాబుతోనే.

1992 ఏప్రిల్ 5న జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. అక్కడ మామూలుగా కనీసం ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి శాసనసభలో చోటుండదు. కంప్యూటర్ ఇచ్చిన కాగితం మీద గ్రీన్స్ పార్టీకి 5.0 అని ఉంది. ఇంకేం, సీట్లు వచ్చినట్టే అనుకున్నారు. అసలు లెక్క 4.97! ప్రోగ్రాం ఒక్క దశాంశ స్థానమే అచ్చు వేసేది మరి. సంగతి బయటపడ్డాక సీట్లు మళ్లీ పంచితే, సోషల్ డెమోక్రాట్ల పార్టీకి 89లో 45 వచ్చాయి. ఒక్క సీటు మెజారిటీ! కూడికలో తప్పు లేదు, ఓట్ల లెక్కింపులో తప్పు లేదు. చూపించడంలోనే వచ్చింది చిక్కంతా. గీత దాటారో లేదో తేల్చాల్సింది అసలు సంఖ్యతో, అచ్చులో కనబడే సంఖ్యతో కాదు. కాదంటే కాదు!

రౌండింగ్, అంటే సంఖ్యను దగ్గరి విలువకు కుదించడం, దాని పద్ధతులన్నీ వరసగా చెబుదామని రాసుకొచ్చాను. అది పక్కన పెడదాం. ఫోన్లు తీయండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 2.675ని రెండు స్థానాలకు రౌండ్ చేయండి. 2.67 వచ్చిందా? 2.675 బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల లెక్కలో, కచ్చితంగా ఇమడదు. లోపల ఉన్నది దాదాపు 2.6749999999999998. సగానికి రవ్వంత తక్కువ, అందుకే కిందికి పోయింది. సరే, ఈసారి 2.5ని దశాంశాలు లేకుండా రౌండ్ చేయండి. ఇది చక్కగా ఇముడుతుంది. అయినా 2 అంటుంది! సరిగ్గా సగం వస్తే దగ్గరి సరిసంఖ్యకు పంపడం పైథాన్ పద్ధతి. ప్రతిసారీ పైకే నెడితే మొత్తం ఉబ్బిపోతుంది.

ఎప్పుడూ కిందికే కోస్తే? కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌నడగండి. 1982లో 1000 దగ్గర మొదలుపెట్టిన ఇండెక్స్‌ను, అంటే షేర్ల ధరల సూచీని, మారిన ప్రతిసారీ మూడు స్థానాల తర్వాత కత్తిరించేవారు. 1983 నవంబరుకల్లా 524కి దిగిపోయింది. సరిచేసి చూస్తే 1098!

ఇక మన బిల్లులు. జీఎస్టీ చట్టం సెక్షన్ 170 ప్రకారం యాభై పైసలూ ఆపైనా ఉంటే పై రూపాయికి వెళ్లాలి. అంటే రెండున్నర రూపాయల పన్ను చట్టానికి 3, పైథాన్‌కి 2. పైథాన్‌లోనే దశాంశ లెక్కల కోసం ఉన్న డెసిమల్ మాడ్యూల్ తీసుకుని, సగం వస్తే పైకే పంపమని మీరే చెప్పాలి. లెక్చరర్ గారూ, దీనికి ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్, దండం పెడతాను.

చీటీ వచ్చింది, దిగుతున్నా.