హోంవర్క్ కింద రెండు వాక్యాలు

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

భోజనాలైన వెంటనే నన్ను మాట్లాడమన్నవారికి నా మీద ఏం కోపముందో తెలియదు. మీకు నిద్ర పట్టేలోపు నోటుపుస్తకంలోకి వెళ్లిపోదాం.

మూడో తరగతి పిల్లవాడు. నిన్న ఏం చేశావో ఇంగ్లిషులో రాసుకు రమ్మంటే నాలుగు వాక్యాలు రాశాడు. "యెస్టర్‌డే ఐ గోడ్ గ్రాండ్‌మదర్ హౌస్. షీ గివ్డ్ మ్యాంగో. ఐ టూ మ్యాంగోస్ ఈటెడ్. డాగ్ రన్ ఆన్ మీ." 'గో'కు చివర ఈడీ తగిలించాడన్నమాట. 'గివ్'కూ, 'ఈట్'కూ అంతే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే నేను ప్రతి తప్పుకూ ఎర్ర సున్నా చుట్టి, పైన సరైన మాట రాసి, సంతకం, తేదీ వేసి పుస్తకం మూసేసేవాణ్ణి. అప్పట్లో నా తరగతిలో ఒకడు ఎనిమిది వాక్యాలతో మొదలుపెట్టి దసరా సెలవులనాటికి మూడుకు దిగాడు. ఎందుకురా అని అడిగితే దాచుకోకుండా చెప్పాడు: "తక్కువ రాస్తే తప్పులూ తక్కువే వస్తాయి సార్." లెక్కల్లో వాడికి తిరుగులేదు. ఇంగ్లిషు మాత్రం వాడి చేత నేనే మాన్పించాను.

మనకు 'దిద్దడం' అనే మంచి మాట ఉంది. ముఖాన బొట్టు దిద్దుతాం. పలక మీద అక్షరాలు దిద్దిస్తాం. పేపర్లూ దిద్దుతాం. మొదటి రెండింటిలో ఉన్న మురిపెం మూడోదానికి వచ్చేసరికి ఎటు పోతుందో!

మళ్లీ ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వద్దాం. 'గోడ్' అనే మాట వాడికి ఎవరూ నేర్పలేదు. 'ప్లేడ్', 'వాక్డ్' విని, జరిగిపోయిన పనికి ఈడీ చేర్చాలని వాడంతట వాడే సూత్రం పట్టాడు. ఇంగ్లిషు మాతృభాషగా పెరిగే పిల్లలూ చిన్నప్పుడు ఈ మెట్టు ఎక్కే వస్తారు. 'ఐ టూ మ్యాంగోస్ ఈటెడ్' అంటే 'నేను రెండు మామిడిపళ్లు తిన్నాను'. క్రియను మన అలవాటు ప్రకారం చివరన కూర్చోబెట్టాడు. నేర్చుకునేవాడి తప్పుల్లో వాడు కట్టుకుంటున్న వ్యాకరణం కనబడుతుందని పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే రాశాడు. ఇక 'ఎ', 'ది' అంటారా, తెలుగులో వాటికి సాటి మాటలే లేవు. మనలో ఎందరం వాటిని తడబడకుండా వాడుతున్నామో చేతులెత్తమని అడగను, భయపడకండి.

మరి కింద ఏం రాయాలి? 'గుడ్' అని రాస్తే ఏది బాగుందో వాడికి తెలియదు. నక్షత్రం ముద్రా అంతే. వారం తిరిగేసరికి దాని మోజు తీరిపోతుంది. నేను ఇలా రాశాను: "మామిడిపళ్లు ఎన్ని తిన్నావో లెక్కతో సహా చెప్పావు, నాకు నోరూరింది. 'గో' మాత్రం మొండిది, ఈడీని దగ్గరికి రానివ్వదు. నిన్నటి సంగతికి 'వెంట్' అనాలి. ఇంతకీ ఆ కుక్క తర్వాత ఏం చేసింది?"

మర్నాడు జవాబు వచ్చింది: "డాగ్ వెంట్ హోమ్. ఐ వెంట్ అప్ ట్రీ." అడగని వాక్యం ఒకటి ఎక్కువే రాశాడు.

ఇంగ్లిషు పుస్తకంలో తెలుగులో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. చదవలేని మెచ్చుకోలు ఎవరి కోసం? పైగా ఇంట్లో అమ్మ ఆ పుస్తకం తెరిచి, కొడుకు గురించి మాస్టారు ఏమన్నారో తానే చదువుకుంటుంది. ఐదో తరగతికి వచ్చేసరికి ఆ వాక్యాలను మెల్లగా ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు.

మార్కుల సంగతి ఒక్కటి చెప్పాలి. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన పరిశోధన 1988లో అచ్చయింది. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారి పని మెరుగుపడింది, ఆసక్తీ నిలిచింది. రెండూ ఇచ్చినచోట ఆ మేలు కనబడలేదు. మన తరగతిలోనూ చూడండి, పుస్తకం చేతికి రాగానే పిల్లవాడి కళ్లు అంకె మీదికి, ఆ వెంటనే పక్కవాడి అంకె మీదికి పోతాయి. అందుకే రోజువారీ హోంవర్క్ మీద నేను అంకె వేయడం మానేశాను. పరీక్షలకు ఎలాగూ తప్పదు.

నలభై పుస్తకాలకు ఇంతింత రాయడం ఎవరివల్లా కాదు, నావల్లా కాదు. రోజుకు ఎనిమిదింటికే వివరంగా రాస్తాను, మిగతావి చదివి టిక్కు పెడతాను. వారంలో ఐదు రోజులకు అందరికీ వంతు వస్తుంది. వారానికి ఒక రకం తప్పే దిద్దుతాను. "తప్పులు వదిలేశారేమిటి సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు, తనిఖీకి వచ్చినవారూ అడుగుతారు. అందుకే పుస్తకం మొదటి పేజీలో ఒక చీటీ అంటిస్తాను: "ఈ వారం జరిగిపోయిన పనులు చెప్పే క్రియలు మాత్రమే దిద్దుతున్నాను." ఆ చీటీ చూశాక ఎక్కువమంది ఊరుకుంటారు. ఊరుకోనివారికి టీ ఇప్పించి మాట్లాడతాను.

ఇప్పుడు మీ ముందున్న కాగితం తిప్పండి. నాలుగో తరగతి పాప తన మేకపిల్ల గురించి రాసిన ఐదు వాక్యాలున్నాయి. పది నిమిషాలు టైము. ఎర్ర పెన్నులు సంచిలోనే ఉంచి, కింద ఆ పాపకు రెండు వాక్యాలు రాయండి. మీ పేరు రాయనక్కరలేదు. మార్కులు వేయను.