పాపమా, అచ్చుతప్పా? తొలినాటి అమెరికా సాహిత్యంపై చర్చ

యాంకర్: నమస్కారం. ఎమ్మే ఇంగ్లిష్ చదివినవాళ్లకి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది, ప్యూరిటన్ల భావాలనీ జ్ఞానోదయ యుగపు భావాలనీ పోల్చండి అని. ప్యూరిటన్లంటే ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డ, మహా నిష్ఠగల క్రైస్తవులు. జ్ఞానోదయ యుగమంటే బుద్ధినీ తర్కాన్నీ నమ్ముకున్న 18వ శతాబ్దపు కాలం. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు దేవుడు, కుడివైపు బుద్ధి అని రాసేసి బయటపడేవాళ్లం. ఆ గీత నిజంగా ఉందా? అమెరికన్ సాహిత్యం చెప్పే లెక్చరర్ గారు, అనువాదాలు చేసే మేడమ్ మనతో ఉన్నారు. సార్, ముందు మీరు.

లెక్చరర్: ఉందండీ, కాదనను. 1741 జులైలో కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ అనే ప్యూరిటన్ పాస్టర్ చేసిన ప్రసంగం తీసుకోండి. మంట మీద సాలీడుని పట్టుకున్నట్టు దేవుడు నిన్ను నరకం మీద పట్టుకుని ఉన్నాడు, ఆయన వదల్లేదు కాబట్టి బతికున్నావు, నీ మంచితనం వల్ల కాదు అంటాడు. జనం కేకలు పెట్టి ఏడ్చేసరికి మధ్యలో ఆగాల్సొచ్చింది. ఈయనకంటే రెండేళ్లకి పైగా చిన్నవాడు, జ్ఞానోదయ యుగపు మనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1771లో ఆత్మకథ మొదలుపెట్టి తన తప్పులకి పెట్టుకున్న పేరేంటో తెలుసా? ఎర్రాటా. అచ్చుతప్పులు!

అనువాదకురాలు: ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక వేస్తారు కదా, అదే. ఆయన ప్రింటర్ మరి. అన్న దగ్గర పనినేర్చుకునే ఒప్పందం తెంచుకుని పారిపోవడం ఒక అచ్చుతప్పు, ఎవరో వసూలు చేసి పెట్టమన్న డబ్బు వాడేసుకోవడం ఇంకోటి. పాపమైతే కుమిలిపోవాలి, ఎంత కుమిలినా క్షమ నీ చేతిలో లేదు. అచ్చుతప్పైతే రెండో ముద్రణలో దిద్దుకోవచ్చు.

యాంకర్: అంటే గీత ఉన్నట్టే కదా మేడమ్?

అనువాదకురాలు: ఆగండి. అదే మనిషి చిన్న పుస్తకంలో గళ్లు గీసుకుని 13 సుగుణాలు రాసుకున్నాడు, వారానికొకదాని మీద గట్టిగా దృష్టి, తప్పిన రోజున నల్లచుక్క, ఏడాదికి నాలుగు చుట్లు. ఇది ప్యూరిటన్ల డైరీయే కదండీ! ఈ రోజు నా మనసు ఎక్కడ దారితప్పింది అని రాసుకునే అలవాటు వాళ్లదే. అన్నట్టు మొదట 12 సుగుణాలే ఉండేవి, నీకు గర్వమని అందరూ అనుకుంటున్నారయ్యా అని క్వేకర్లనే నిరాడంబర క్రైస్తవ శాఖకి చెందిన ఒక స్నేహితుడు చెబితే వినయం చేర్చాడు. వినయం వచ్చినా దాన్ని చూసుకుని మళ్లీ గర్వపడతానేమో అని తనే రాసుకున్నాడు.

లెక్చరర్: డైరీ ఒకటే కావచ్చు, లెక్క ఎవరికి చెబుతున్నామన్నది ముఖ్యం. ప్యూరిటన్ కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ 1666లో ఇల్లు కాలిపోయాక రాసిన కవితలో, ఆ శిథిలాల పక్కన నడుస్తూ ఇక్కడ పెట్టె ఉండేది, ఇక ఈ బల్ల దగ్గర చుట్టాలెవరూ తినరు అని తలుచుకుని, వెంటనే తన మనసుని తనే మందలించుకుంటుంది, అంతా ఆయనదే, ఆయనే తీసుకున్నాడు అని. ఫ్రాంక్లిన్ అయితే ఫైర్ కంపెనీ, అంటే మంటలార్పే సంఘం పెడతాడు. (నవ్వులు) నిజంగానే పెట్టాడు, 1736లో ఫిలడెల్ఫియాలో.

అనువాదకురాలు: జోకు బాగుంది సార్. కానీ ఆ కవిత చదివాక మనకి గుర్తుండేది ఆ పెట్టే, ఆ బల్లే. ఆవిడ వదిలేశానన్నవే!

యాంకర్: ఇందాక బ్రేక్‌లో 1721 బోస్టన్ సంగతి చెబుతున్నారు...

అనువాదకురాలు: అది వింటే మీ గీత చెరిగిపోతుంది. ఆ ఏడాది ఊళ్లో మశూచి. మన ఊళ్లలో అమ్మవారు పోసింది అనేవాళ్లు, అక్కడా చాలామంది దేవుడి శిక్ష అన్నారు. దాదాపు 6 వేల మందికి సోకింది, 800 మందికి పైగా పోయారు. టీకా ఇంకా పుట్టలేదు. రోగి పొక్కులోంచి చీము తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి గాటు పెట్టి అంటించాలి, అదొక్కటే దారి. అది చేద్దామని పట్టుబట్టిందెవరు? కాటన్ మాథర్! 1692లో బోస్టన్ దగ్గరి సేలంలో మంత్రగత్తెలని 19 మందిని ఉరి తీస్తే ఆ విచారణల్ని వెనకేసుకొస్తూ పుస్తకం రాసిన ప్యూరిటన్ పాస్టర్. ఈ పద్ధతి ఆయనకి చెప్పింది ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి. మాథర్ మాట విని బాయిల్‌స్టన్ అనే వైద్యుడు సుమారు 240 మందికి గాట్లు పెడితే ఆరుగురే చనిపోయారు. అయినా మాథర్ ఇంటి మీద బాంబు విసిరారు, అదృష్టం, పేలలేదు. ఇక ఆ పద్ధతిని ఎగతాళి చేస్తూ పత్రిక నడిపిందెవరంటే ఫ్రాంక్లిన్ అన్న జేమ్స్. అందులో అక్షరాలు కూర్చే కుర్రాడు మన బెంజమిన్, అప్పటికి పదిహేనేళ్లు.

యాంకర్: అంటే హేతువాదం పాస్టర్ వైపు ఉంది!

లెక్చరర్: ఆ ఒక్క విషయంలో. మాథర్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి, సేలం గురించి నాకింకా కోపమే. కానీ ఒప్పుకుంటాను, నేను ఎడ్వర్డ్స్‌నీ సగమే చెప్పాను. న్యూటన్నీ, తత్వవేత్త జాన్ లాక్‌నీ చదివినవాడు, కుర్రతనంలో సాలీళ్లు గాల్లో ఎలా ఎగురుతాయో పరిశీలించి రాసినవాడు. ఆ సాలీడే తర్వాత మంట మీదకొచ్చింది.

అనువాదకురాలు: మీరు ఫైర్ కంపెనీ అన్నారే, అది పెట్టడానికి కొద్ది రోజుల ముందే ఫ్రాంక్లిన్ నాలుగేళ్ల కొడుకు మశూచితో పోయాడు. ఆ గాటు పెట్టించలేదు. పెట్టిస్తే బిడ్డకేమైనా అవుతుందేమోనని భయపడే తల్లిదండ్రుల కోసం చెబుతున్నానంటూ, నేనింకా బాధపడుతూనే ఉన్నాను అని రాశాడు. అక్కడ అచ్చుతప్పు అనే మాట వాడలేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

లెక్చరర్: ఎడ్వర్డ్స్ పెట్టించుకున్నాడు. 1758లో, ప్రిన్స్‌టన్‌లో కాలేజీ ప్రెసిడెంట్‌గా చేరిన కొన్ని వారాలకే. అది వికటించి చనిపోయాడు.

యాంకర్: మరి ఈసారి పిల్లలు పరీక్షలో గీత గీయాలా, వద్దా సార్?

లెక్చరర్: గీయమనండి. మొన్న పేపర్ సెట్ చేసింది నేనే, మళ్లీ అదే ప్రశ్న ఇచ్చాను.