లారీలు గేటు కాడ ఉన్నయని మిల్లు నడపాల్నా? సేఫ్టీ ముచ్చట

హోస్ట్: నమస్తే అందరికి. ఇయ్యాల మనతోని ఒక సారున్నరు, బొగ్గుబాయిలల్ల సేఫ్టీ ఆఫీసర్‌గ చేసి రిటైరయిన్రు, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నరు, చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులోళ్లు పిలిస్తే పోయి చూసి వస్తుంటరు. సార్, డైరెక్టుగ అడుగుత. పత్తి సీజన్ నడుస్తాంది, గేటు బయట లారీలు లైను కట్టినయి, లోపల ఒక జిన్ను, అంటే పత్తిలకెల్లి గింజ తీసే మిషన్, దాని బేరింగ్ వేడెక్కుతాంది. మేనేజర్ ఆపాల్నా నడపాల్నా?

గెస్ట్: ఆపాలె అని ఇక్కడ ఫ్యాన్ కింద కూసొని చెప్పుడు అల్కగనే ఉంటది తమ్మీ. ఆయనకు అటు ఓనర్ ఫోను, ఇటు రైతుల లొల్లి, మధ్యల ఫిట్టర్ వచ్చి సార్ జెర గరమైతాంది అంటడు. గరమంటే ఎంత? చెయ్యి పెట్టి చూసిండా, టెంపరేచర్ గన్ పెట్టి చూసిండా, పొద్దుగాల ఎంతుండె ఇప్పుడెంతుంది? నేను మొదలు అడిగేది గదే, రేపు ఏమన్న అయితే ఇన్‌స్పెక్టర్ అడిగేది గూడ గదే. అప్పుడు నీకేం తెలుసు, తెలిసినంక ఏం చేసినవ్ అని.

హోస్ట్: అంటే ప్రమాదం అయ్యిందా కాలేదా అన్నది లెక్కకు రాదా?

గెస్ట్: ఏం కాలేదు కాబట్టి మంచిగనే చేసినం అనుకుంటరు సూడు, గక్కడనే వస్తది తంటా. ఆ పూట గరం బేరింగ్‌తోని నడిపిన్రు, ఏం కాలే, ఇగ మల్లోపారి ఫిట్టర్ చెప్తే ఎవడింటడు? జిన్నింగ్ మిల్లంటే మామూలు జాగ కాదు, దూది పీచు గాలిల ఎగురుతనే ఉంటది, మోటర్ల మీద, బేరింగ్‌ల మీద పేరుకుంటది, అవి గరమైతే అంటుకుంటది, పత్తిల రాయో ఇనుప ముక్కో వచ్చి మిషన్ల తగిలితే రవ్వ లేస్తది, ఆ రవ్వ బేల్ల, అంటే నొక్కి కట్టిన దూది కట్టల పడి పోయిందనుకో బయటికి ఏం కనపడది, లోపల్లోపల రాజుకుంటనే ఉంటది, గోదాంల పెట్టి అందరు ఇంటికి పోయినంక అంటుకుంటది.

హోస్ట్: మరి ఆఫీసుల గోడకు రిస్క్ మ్యాట్రిక్స్ అని ప్రమాదం ఎంతుందో లెక్కేసే పట్టిక పెడ్తరు గదా, రెడ్డు, యెల్లో, గ్రీన్.

గెస్ట్: (నవ్వు) ఆ రంగుల కాయితం! దాంతోని తప్పు లేదు, నింపే తీరుతోనే. అయ్యే అవకాశం 4, అయితే నష్టం 5, గుణిస్తే 20, రెడ్డు, పని ఆపాలె. ఆపుడు ఇష్టం లేదు కాబట్టి 4ను 2 చేస్తరు, 10 అయితది, యెల్లో. మిషన్ల ఏం మారింది? గ్రీజు గూడ పెట్టలే. అందుకే అంకె తగ్గిస్తే పక్కన ఏం చేస్తే తగ్గిందో రాయమంట. ఒక కాడ ఏం రాసిన్రో తెల్సా, అగ్గి ప్రమాదం ఎదురుంగ "హెల్మెట్లు ఇచ్చినం" అని.

హోస్ట్: (నవ్వు) బాయిలల్ల గూడ ఇట్లనే ఉంటదా సార్?

గెస్ట్: బాయిల కొన్నిటికి వాదన పెట్టుకునే ఛాన్సే ఇయ్యరు. మీథేన్ అని బొగ్గుల నుంచి వచ్చే గ్యాస్ ఉంది, గాలిల 5 నుంచి 15 శాతం దాకుంటే పేలుతది. కని రూల్ గీత గీసింది 1.25 కాడ, అంటే పేలే దాంట్ల పావు వంతుకే. గీత దాటితే కరెంట్ బంద్, మనుషుల్ని ఎనుకకు తీయాలె, టార్గెట్ ఎంత మిగిలింది అని అడిగేటోడు ఉండడు. మిల్లుల గూడ గట్లనే సీజన్ ముందే, నెత్తి మీద ఒత్తిడి లేనప్పుడు గీత గీసుకోవాలె. కంపెనీ బుక్కుల బేరింగ్‌కు ఇంత లిమిట్ అని ఉంటది, దానికి జెర కిందనే పెట్టుకొని, దాటితే షిఫ్ట్ ఇంచార్జే ఆపొచ్చు, ఎవరికి ఫోన్ చేసే పని లేదు అని కాయితం మీద రాసియ్యాలె. లారీలు నిలవడ్డంక గీసే గీత లారీల దిక్కే వంగుతది.

హోస్ట్: ఓనర్లు ఒక మాట అంటరు సార్, అన్నీ చేస్తే ఇగ మిల్లు అమ్ముకోవాలె అని.

గెస్ట్: ఆ మాట పాతదే. ఇంగ్లండ్‌ల 1949ల ఎడ్వర్డ్స్ కేసని ఉంది, బొగ్గుబాయిదే. బాయిల దారి కూలిపోయి ఒకాయన సచ్చిపోయిండు. ఆ బాయిలు నడిపే నేషనల్ కోల్ బోర్డోళ్లు ఏమన్నరు, అన్ని బాయిలల్ల అన్ని దారులకు సపోర్టు పెట్టాల్నంటే మావల్ల కాదు అన్నరు. అప్పీల్ కోర్టు ఒప్పుకోలే. అన్నిటికి ఎవరు పెట్టమన్నరు, కొన్ని దారులు గట్టిగనే ఉంటయి, ఈ దారికి ప్రమాదమెంత, దీనికి ఖర్చెంత, ఆ లెక్క అసలు చేసిన్రా అన్నది. చేయలే. ప్రమాదంతోని పోలిస్తే ఖర్చు ఎక్కడికో పోతే తప్ప చేయాల్సిందే అని గదే కేసుల వచ్చింది. మన ఎనుకటి ఫ్యాక్టరీల చట్టంల గూడ భోపాల్ అయినంక 1987ల 7ఎ సెక్షన్ చేర్చిన్రు, చేయగలిగినంత మేరకు కార్మికుల భద్రత ఓనరే చూడాలె అని. ఖర్చయితది అంటే ఎవరు ఒప్పుకోరు, లెక్క చూపియ్యాలె. స్పేర్ బేరింగ్ ఎంత, మార్చనీకి ఎన్ని గంటలు, ఆ గంటలల్ల ఆగే పత్తి ఎంత. చాలాసార్లు లెక్క వేస్తే మార్చుడే అగ్గువ అయితది, నవ్వొస్తది.

హోస్ట్: రాసుడు ఎట్ల సార్? మేనేజర్‌కు టైమెక్కడిది?

గెస్ట్: లాగ్ బుక్కుల నాలుగు లైన్లు సాలు. "2.10కి ఫిట్టర్ చెప్పిండు, గన్‌తోని చూస్తే ఇంత, లిమిట్ ఇంత, ఆ జిన్ను ఒక్కటి బంద్ పెట్టినం, మిగితయి నడుస్తున్నయి." నడపాల్నని అనుకున్నా గట్లనే రాయాలె, అర్ధగంటకోసారి ఎవరు చూస్తరు, ఎంతకొస్తే ఆపుతరు. ఇంకోటి, ఫిట్టర్ వద్దన్నడు అనుకో, ఆయన వద్దన్నడని గూడ రాయి. అది దాస్తరు మనోళ్లు, సంతకం పెట్టించుకొని చెప్పినోన్నే ఇరికిస్తరు. టైము మాత్రం అప్పటిదే ఉండాలె, సాయంత్రం కూసొని పొద్దుగాలది రాస్తే ఇంకు చూసే చెప్తరు ఎంక్వయిరీల.

హోస్ట్: పోయిన ఎపిసోడ్ విని గీసుగొండ నుంచి ఒకాయన అడిగిండు, సీజన్ మధ్యల వెల్డింగ్ తప్పకపోతే ఎట్ల అని.

గెస్ట్: ఆ షెడ్ల చేయకుంటే మంచిది, పార్టు ఇప్పి బయటికి తెచ్చి చేసుకోవాలె. ఇప్పరాకుంటే లైన్ బంద్ పెట్టి, చుట్టు దూది ఊడ్పిచ్చి, తడిపి, పర్మిట్, అంటే ఆ పనికి అనుమతి కాయితం రాసి చేయాలె. అయిపోయినంక అందరు చాయ్‌కి పోతరు, అసలు డేంజర్ అప్పుడే. అమెరికాల అగ్గి ప్రమాదాల మీద రూల్స్ రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థది 51బీ అని స్టాండర్డ్ ఉంది, ఎనుకట అర్ధగంట కావలి ఉండాలె అని ఉండె, 2019ల దాన్ని గంట చేసిన్రు. ఆ గంట కూసునేటోని పేరు పర్మిట్ మీద ముందే రాయాలె, పక్కన నీళ్ల పైపు, ఫైర్ సిలిండర్ ఉండాలె, ఇంకో పని చెప్పొద్దు ఆయనకు, లారీ కాంట కాడికి రమ్మని అసలే పిలవొద్దు.